అమ్మ స్క్రీనింగ్ రికార్డు ఊళ్లో ఒకటి, ఆసుపత్రిలో ఒకటి: ఆభాకి కలిపితే నిజంగా పనికొస్తుందా?

విభాగం: ఆరోగ్యం › క్యాన్సర్, ముందస్తు పరీక్షలు

తెనాలి_బుల్లోడు · హైదరాబాద్ · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విషయం కొంచెం పొడుగు, ఓపిక పట్టి చదవండి.

మా అమ్మకి 47. తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. పోయినేడాది విలేజ్ క్లినిక్‌లో క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారని ఆశా అక్క ఇంటికొచ్చి తీసుకెళ్లింది. నోరు చూశారు, రొమ్ము చూశారు, గర్భసంచి మూతికి వెనిగర్ లాంటి మందేదో పూసి ఒక నిమిషం ఆగి చూశారు. తెల్లమచ్చ కనిపించిందన్నారు. గుంటూరులో ఒక పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపారు. తేలికపాటి మార్పులే, క్యాన్సర్ కాదు, ఏడాదికి మళ్లీ రండి అన్నారు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది.

అసలు కథ ఇక్కడే మొదలు. ఆశా అక్క నెలనెలా వచ్చి "ఏమ్మా, గుంటూరు వెళ్లావా?" అని అడుగుతూనే ఉంది. వెళ్లొచ్చానమ్మా అని అమ్మ చెబుతూనే ఉంది. వాళ్ల ట్యాబ్‌లో మాత్రం "రిఫర్ చేశారు" దగ్గరే ఆగిపోయిందట. ఏడాది అయ్యాక అమ్మని నా దగ్గరికి తీసుకొచ్చి ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించా. పాత రిపోర్టు ఏదన్నారు. అది ఊళ్లో బీరువాలో, కిరాణా కొట్టు క్యారీబ్యాగులో, కరెంటు బిల్లుల మధ్య ఉంది. నాన్నకి ఫోన్ చేస్తే ఫొటో తీసి పంపాడు. సగం రిపోర్టు, సగం నాన్న బొటనవేలు. డాక్టరమ్మ రెండుసార్లు పెద్దది చేసి చూసి, ఫలితం రాసిన చోటే వేలుందని తేల్చి, అన్నీ మొదట్నుంచి చేయించింది. డబ్బు సంగతి వదిలేయండి. మళ్లీ ముక్క తీస్తారని తెలిసి అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు.

అమ్మకి ఆభా నంబరు, అదే ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చేది, ఉంది. 14 అంకెలు, కార్డు కూడా ఇచ్చారు. అది ఉండి కూడా ఇదంతా ఎందుకు జరిగింది? ఇప్పుడు కూర్చుని అన్నీ కలిపితే మళ్లీ ఏడాదికైనా లాభం ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

చుక్కల_చొక్కా · ఆదివారం, రాత్రి 9:58

బ్రో, రిపోర్టులన్నీ నువ్వే స్కాన్ చేసి వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకో. పని అయిపోతుంది. మీ నాన్న బొటనవేలు మాత్రం క్రాప్ చెయ్యి.

వంశధార · శ్రీకాకుళం జిల్లా · ఆదివారం, రాత్రి 11:15

తమ్ముడూ, మీ ఊరి ఆశా అక్కని తిట్టుకోకు. నేను సీహెచ్‌ఓని, అంటే విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారిని, ఆ ట్యాబ్ ఇవతల కూర్చునేదాన్ని. ఏం జరుగుతుందో చెబుతా.

ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఆశా ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మందు, నడుము కొలత, ఒళ్లు కదిలే పని, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్ ఉన్నాయా అని మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా పిలవాలి. రెండో భాగంలో నోట్లో మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్లు ఆగాక రక్తం, ఇలాంటివి అడుగుతుంది. ఆ తర్వాత మా దగ్గరికొస్తారు. నోరు, రొమ్ము, గర్భసంచి మూతి చూస్తాం. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకి అయిదేళ్లకోసారి.

తేడా కనిపిస్తే పోర్టల్‌లో పైకి రిఫర్ చేస్తా. అక్కడిదాకా నా చేతిలో పని. పెద్దాసుపత్రి వాళ్లకీ లాగిన్ ఉంటుంది, వాళ్లు ఫలితం ఎక్కిస్తే నాకు కనిపిస్తుంది. ఎక్కించకపోతే కనిపించదు. ఓపీలో వందమంది క్యూలో ఉంటే ఎవరు ఎక్కిస్తారు చెప్పు? పేషెంటు ప్రైవేటుకి వెళ్లిపోయిందా, ఇక నాకు చీకటే. అందుకే నా దగ్గర ఒక రెండు క్వయర్ల పుస్తకం ఉంది. ఎర్ర ఇంకుతో పంపినవాళ్ల పేర్లు, పక్కన పెన్సిల్‌తో ఏం తేలిందో. పెన్సిల్ గడి ఖాళీగా ఉన్నవాళ్ల ఇంటికి ఆదివారమైనా వెళ్తా. మీ ఆశా అక్క నెలనెలా వచ్చిందంటే ఆమె దగ్గర కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది.

ఇంకో మాట. మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, తెలుసు కదా? చుట్ట వెలిగించిన కొసే నోట్లో పెట్టుకుంటారు. నిప్పు వేడంతా అంగిలికి తగులుతుంది. మామూలుగా గుట్కా వాళ్లకి బుగ్గ లోపల వస్తే వీళ్లకి అంగిలి మీద వస్తుంది. ఫారంలో ప్రశ్న ఏమిటంటే పొగ తాగుతారా, గుట్కా ఖైనీ వాడతారా. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, రోజూ. నేను "రోజూ" కొడతా. పైన చూసే డాక్టరుకి ఆ "రోజూ" ఏం చెబుతుంది? బుగ్గలు చూసి పంపేస్తే ఎలా? అందుకని రిఫరల్ చీటీ మీద పెన్నుతో రాస్తా: "అడ్డచుట్ట. అంగిలి చూడండి." కంప్యూటర్లు ఎంత కలిపినా, ఆ రెండు ముక్కలకి గడి లేకపోతే ఆ సంగతి నా చీటీతోనే పోతుంది.

తెనాలి_బుల్లోడు · సోమవారం, ఉదయం 7:05

అక్కా, ఇది చదివాక ఆశా అక్కకి ఫోన్ చేశా. పుస్తకం ఉందట! పచ్చ అట్ట. అమ్మ పేరు పక్కన ప్రశ్న గుర్తు ఉందట.

పొరుగూరి_డాక్టర్ · సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను కమ్యూనిటీ మెడిసిన్ చదివాను, పదేళ్లుగా ఈ క్యాంపుల చుట్టూనే తిరుగుతున్నాను. ఒక మాట సూటిగా చెబుతా. స్క్రీనింగ్ అంటే పరీక్ష అనుకుంటాం. పరీక్ష అందులో చిన్న ముక్క. ఎవర్ని పిలవాలి, ఎవరు రాలేదు, వచ్చినవాళ్లలో ఎవరికి తేడా ఉంది, వాళ్లకి తర్వాత ఏమైంది, మళ్లీ ఎప్పుడు పిలవాలి. ఈ జాబితా ఎవరి దగ్గరుంటే స్క్రీనింగ్ వాళ్లది. అది లేకపోతే మిగిలేవి బ్యానర్లు, ఫొటోలు.

మన దగ్గర సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా గర్భసంచి మూతి పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. రొమ్ముకి ఒక శాతం కూడా లేదు. అదే గర్భసంచి మూతి క్యాన్సర్ ఏడాదికి లక్షా ఇరవై వేలమందికి పైగా కొత్తగా వస్తోంది.

తెలుగు రాష్ట్రాలకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ముప్పై అయిదుకే తీయించేసుకున్నవాళ్లని నేను లెక్కలేనంతమందిని చూశాను. వీళ్లని స్క్రీనింగ్‌కి పిలవాలా వద్దా? మూతితో సహా తీసేశారా, పైభాగమే తీశారా? ఎందుకు తీశారు? మామూలు రక్తస్రావానికైతే ఒక దారి, అప్పటికే మూతిలో మార్పులుండి తీస్తే ఇంకో దారి, ఆవిడని ఇంకా చూస్తూ ఉండాలి. ఈ సమాధానం ఎక్కడుంది? పదిహేనేళ్ల కిందటి నర్సింగ్ హోం డిశ్చార్జి కాగితంలో. ఆ నర్సింగ్ హోం ఇప్పుడు మొబైల్ షాపు అయిపోయి ఉంటుంది.

పంచుకునే రికార్డు వల్ల లాభం ఏమిటని అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. "నీ గర్భసంచి ఉందా" అని మైకులో అరిచినట్టు అందరి ముందూ అడక్కుండా తెలుసుకోవడం.

గుడివాడ_లా · సోమవారం, సాయంత్రం 6:20

డాక్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ గర్భసంచి తీయించుకున్న సంగతి ఊరందరి చేతుల్లో తిరిగే ట్యాబ్‌లో ఎక్కించడానికి ముందు ఆవిణ్ణి అడగరా? పెళ్లి కావాల్సిన కూతురుందని తల్లి క్యాన్సర్ సంగతి దాచిపెట్టే ఇళ్లు నాకు తెలుసు. ఆభా తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. ఊళ్లల్లో ఆ మాట ఎవరు చెబుతున్నారు? ఆధార్ ఇవ్వమ్మా, ఓటీపీ చెప్పమ్మా, అయిపోయిందమ్మా. ఇదా సమ్మతి అంటే? 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. సమ్మతి అంటే తెలిసి, ఇష్టపడి, ఫలానా పనికని చెప్పి ఇచ్చేది అని అందులో ఉంది. ఓటీపీ చదివి వినిపించడం సమ్మతి కాదు.

మల్లెమొగ్గ · సోమవారం, రాత్రి 8:47

గుడివాడ గారూ, ఓటీపీ అన్నారు కాబట్టి చెబుతున్నా. ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

నాకు ఫోన్ ఉంది, కానీ రేషన్‌కీ గ్యాస్‌కీ ఆధార్‌కీ అన్నిటికీ మా ఆయన నంబరే. పెళ్లైన కొత్తలో అలా ఇచ్చేశాం, మార్చలేదు. క్యాంపులో పరీక్ష చేయించుకున్నా. రెండు రోజులకి మెసేజ్ ఆయన ఫోన్‌కి వచ్చింది. ఆ టైంలో ఫోన్ మా బావగారి అబ్బాయి చేతిలో ఉంది, గేమ్ ఆడుకుంటున్నాడు. వాడికి పదమూడు. "పిన్నీ, నీకు ఆసుపత్రికి రమ్మని మెసేజ్ వచ్చింది, ఏమిటది" అని అందరి ముందూ చదివాడు. నాకు తేలింది చిన్న ఇన్ఫెక్షనే, మాత్రలతో పోయింది. కానీ ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు నేను.

రికార్డులు కలపొద్దని అనట్లేదు. ముందు "ఈ నంబరు ఎవరిది, నీదేనా" అని ఒక్క మాట అడగమనండి.

వంశధార · సోమవారం, రాత్రి 9:10

మల్లెమొగ్గా, నిజం. నేను ఇకనుంచి అడుగుతా. ఇన్నాళ్లూ అడగలేదు, ఓటీపీ వస్తే చాలనుకున్నా.

లెస్టర్_పిన్ని · సోమవారం, రాత్రి 11:52

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నా, ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లు. జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో, రిసెప్షన్‌లో పని. డాక్టర్ గారు జాబితా అన్నారు కదా, దానికి ఇక్కడో మంచి కథ ఉంది.

ఈ దేశంలో 1960ల మధ్య నుంచే స్మియర్ పరీక్ష (గర్భసంచి మూతి నుంచి కణాలు తీసి చూసేది) ఉంది. ఇరవై ఏళ్లు చేసినా పెద్దగా లాభం రాలేదు. ఎందుకంటే వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, అసలు రావాల్సినవాళ్లు వచ్చేవాళ్లు కారు. 1988లో దేశమంతా కంప్యూటర్‌లో పేర్లు పెట్టి, వయసు రాగానే ప్రతి ఒక్కరికీ ఇంటికి ఉత్తరం పంపడం మొదలుపెట్టారు. ఆ ఏడాది 42 శాతంగా ఉన్న కవరేజీ 1994కి 85 శాతం అయింది. పరీక్ష అదే. మారింది ఉత్తరం. (జీపీలకి టార్గెట్ చేరితే డబ్బులిచ్చారు లెండి, అదీ పని చేసింది. మనుషులం కదా.)

గర్భసంచి మూతి తీసేసినవాళ్లకి ఇక్కడ ఒక కోడ్ ఉంటుంది. జీపీ అది పెడితే ఉత్తరాలు ఆగిపోతాయి. పెట్టడం మర్చిపోతే ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఆపరేషన్ ఇండియాలో చేయించుకుని వచ్చిన మన వాళ్లయితే కాగితాలుండవు. ఒక పెద్దావిడ మూడు ఉత్తరాలు పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చి "ఏమ్మా, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించమంటారు" అని తెలుగులో నా చెవిలో అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అలాగని ఇక్కడంతా బంగారం అనుకోకండి. 2018 మేలో ఆరోగ్య మంత్రి పార్లమెంటులో లేచి, 2009 నుంచి నాలుగున్నర లక్షలమంది దాకా ఆడవాళ్లకి ఆఖరి మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) ఉత్తరం అందలేదని చెప్పాడు. దేశమంతా గోల. తర్వాత విచారణలో అంత సంఖ్య లేదని తేలింది. ఆఖరిసారి పిలవాల్సింది 70 నిండేలోపా, 71 వచ్చేదాకానా అనేది పైవాళ్లు ఒకలా రాస్తే, సాఫ్ట్‌వేర్ వాళ్లు, క్లినిక్‌ల వాళ్లు ఒకలా అర్థం చేసుకున్నారు. జాబితా కంప్యూటర్‌కి అప్పజెప్పాక అందులో తప్పుంటే, ఆ తప్పు కూడా అంతే క్రమశిక్షణగా ఏళ్ల తరబడి పని చేస్తుంది.

చుక్కల_చొక్కా · మంగళవారం, ఉదయం 8:30

పిన్నిగారూ, లండన్ కథలు బాగున్నాయి గానీ మా ఊళ్లో పోస్టుమ్యాన్ వచ్చి మూడు నెలలైంది.

లెస్టర్_పిన్ని · మంగళవారం, ఉదయం 9:02

నేను లండన్‌లో ఉండను నాయనా, పేరులోనే ఉంది. మీకు ఆశా అక్క ఉంది. ఉత్తరం కంటే గట్టి మనిషి. మాకు అదే లేదు.

పొరుగూరి_డాక్టర్ · మంగళవారం, ఉదయం 9:40

పిన్నిగారు చివర్లో అన్నది నిజం. చొక్కా గారూ, పై దేశాల కథ వద్దనుకుంటే ముంబయి చూడండి. అక్కడి మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. లక్షన్నరమంది ఆడవాళ్లు. ఒక సగానికి రెండేళ్లకోసారి ఇదే వెనిగర్ పరీక్ష. చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి శిక్షణ తీసుకున్న అమ్మాయిలు. ఆ ప్రాంతాల్లో ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. ఇంటింటికీ పేర్లు రాసుకోవడం, రాని ఇంటికి మళ్లీ వెళ్లడం, తేడా ఉన్నవాళ్లని ఆసుపత్రిదాకా చేర్చి ఏమైందో కనుక్కోవడం, ఇదంతా అందులో ఉంది. క్యాంపు పెట్టి వెళ్లిపోతే ఆ 31 రాదు.

బుల్లోడు గారూ, మీ అమ్మగారికి 47 కాబట్టి ఈ పరీక్ష పనికొచ్చింది. ముట్లు ఆగి చాలా ఏళ్లైనవాళ్లలో చూడాల్సిన చోటు లోపలికి వెళ్లిపోతుంది, కంటికి సరిగ్గా కనిపించదు. వాళ్లకి హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందా అని చూసేది, మేలు. ఆ తేడా కూడా రికార్డులో ఉండాలి. "చూశాం, ఏమీ లేదు" వేరు, "చూడాల్సింది కనిపించలేదు" వేరు. ట్యాబ్‌లో రెండూ "నార్మల్" కింద పడిపోతే ఆవిడ అయిదేళ్లు ధీమాగా ఇంట్లో కూర్చుంటుంది.

డాలస్_దోసె · మంగళవారం, రాత్రి 7:15

అమెరికా సంగతి నేను చెబుతా, అడక్కపోయినా.

మాకు ఫోన్‌లో యాప్ ఉంటుంది. ఏ పరీక్ష ఎప్పుడు బాకీ ఉందో ఎర్రగా చూపిస్తుంది. నాకు 45 రాగానే పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష బాకీ అని వచ్చేసింది. (2021 ముందు 50కి ఉండేది, అప్పుడే తగ్గించారు.) పోస్టులో కిట్ పంపితే ఇంట్లోనే శాంపిల్ తీసి పంపా. ఇంతవరకు బ్రహ్మాండం.

మా ఆవిడ మామోగ్రాం ఇంకో ఆసుపత్రిలో చేయించుకుంది. మా ఆసుపత్రి యాప్‌లో మాత్రం "బాకీ" అని ఎర్రగానే ఉంది. రిపోర్టు వచ్చింది, కాకపోతే స్కాన్ చేసిన కాగితంలా వచ్చింది. మనిషి చదవగలడు, యాప్ చదవలేదు. నర్సు చేత్తో టిక్ పెట్టాకే ఎరుపు పోయింది.

ఇంకొకటి. 2021 ఏప్రిల్ నుంచి ఇక్కడ రూలు మారింది, ఫలితం రాగానే పేషెంటుకి కనిపించాలి, ఆసుపత్రి పట్టుకుని కూర్చోకూడదు. మంచిదే. కానీ మా స్నేహితుడు వాళ్లావిడ బయాప్సీ (ముక్క పరీక్ష) ఫలితం శుక్రవారం సాయంత్రం కాస్ట్‌కో సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో చదువుకున్నాడు. డాక్టర్ ఫోన్ సోమవారం. ఆ రెండు రోజులు వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు, మేమే క్యారేజీ పట్టుకెళ్లాం. రికార్డు అందరికీ తెరిచేటప్పుడు, చెప్పే మనిషి ఎప్పుడు దొరుకుతుందో కూడా చూసుకోవాలి.

నిర్వాహకులు · మంగళవారం, రాత్రి 8:00

ఒక సభ్యుడు తన అత్తగారి రిపోర్టు ఫొటో పెట్టారు. పేరు, ఫోన్ నంబరు, ఆభా నంబరుతో సహా. తొలగించాం. రికార్డుల గోప్యత గురించి జరుగుతున్న చర్చలో రికార్డులు బయట పెట్టకండి దయచేసి.

కోడు_రాముడు · మంగళవారం, రాత్రి 10:33

నేను ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ రాస్తా. బుల్లోడు అడిగిన అసలు ప్రశ్నకి జవాబు: ఆభా అనేది డబ్బా కాదు, తాడు. 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలుపెట్టిన డిజిటల్ మిషన్‌లో రికార్డులన్నీ ఢిల్లీలో ఒక చోట పోగుపడవు. ఎక్కడ పుట్టిన కాగితం అక్కడి కంప్యూటర్‌లోనే ఉంటుంది. నంబరుతో "ఫలానా మనిషి రికార్డు మా దగ్గర ఒకటుంది" అని కట్టి ఉంచుతారు. ఇంకో డాక్టర్ చూడాలంటే పేషెంటు ఫోన్‌లో అనుమతి అడుగుతుంది, ఎంతకాలం అనేది కూడా పేషెంటే పెట్టొచ్చు.

కాబట్టి మీ అమ్మగారి బయాప్సీ ఆసుపత్రి కంప్యూటర్‌లో ఆభాతో కట్టకపోతే, కార్డు ఎంత మెరిసినా తాడు చివర ఏమీ లేదు. చాలా చోట్ల ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవడం దాకా వచ్చింది. ల్యాబ్ రిపోర్టు కట్టడం దాకా రాలేదు.

కట్టినా దోసె గారు చెప్పిన గొడవే. ఫొటో, పీడీఎఫ్ వేరు. గడుల్లో పడ్డ సమాచారం వేరు. "తేలికపాటి మార్పు, 12 నెలలకి మళ్లీ" అనేది గడిలో పడితే పన్నెండో నెలలో కంప్యూటరే పేరు పైకి తెస్తుంది. పీడీఎఫ్‌లో ఉంటే ఎవరైనా తెరిచేదాకా అది నిద్రపోతుంది.

మన దగ్గర ఇంకో తలనొప్పి, పేర్లు. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి పేరా పూర్తి పేరా. వెంకట సుబ్బమ్మ, వి. సుబ్బమ్మ, సుబ్బాయమ్మ, ముగ్గురూ ఒకళ్లే. పుట్టినతేదీ చూద్దామంటే సగంమందికి జనవరి 1. ఆధార్ తీసేటప్పుడు ఏడాది మాత్రం చెబితే సిస్టం అదే వేసింది. అరవై ఆరేళ్లని పిలవడం ఆపేసిన మనిషికి నిజానికి అరవై ఒకటి ఉండొచ్చు. ఒకసారి ఒకే ఊళ్లో, ఒకే పేరుతో, జనవరి 1 పుట్టినరోజుతో నలుగురిని చూశాను. కేకు కొనిద్దామనిపించింది.

పాలమూరు_పిల్ల · బుధవారం, ఉదయం 11:20

మా దిక్కు సంగతి కూడా ఇనుండ్రి. 2023 మార్చి 8 నుంచి తెలంగాణల "ఆరోగ్య మహిళ" అని మంగళవారం మంగళవారం ఆడోళ్లకు చూస్తున్నరు, క్యాన్సర్ పరీక్షలు గూడ అండ్లున్నయ్. అంతకుముందు ఏడాది ములుగు, సిరిసిల్లల ఇంటింటికీ తిరిగి హెల్త్ ప్రొఫైల్ చేసిన్రు. మంచిదే.

కానీ మా అమ్మ మంగళవారం ఊర్లుంటదా? పంట అయినంక ముంబై, మళ్ల జూన్‌ల వస్తది. అక్కడ భీవండి దగ్గర ఎవరో క్యాంపు పెట్టి చూసిన్రంట, మరాఠీల చీటీ ఇచ్చిన్రు. ఊరికొస్తే మా ఏఎన్ఎం మేడం ఆ చీటీ చదవలేదు, మళ్ల చూసింది. ఊర్ల లిస్టుల "ఇంట్ల లేరు" అని రాసిన్రు రెండుసార్లు. రికార్డు కలపాల్సింది ముందుగాల మా అసొంటోళ్లకు. ఒక్క ఊర్లనే పుట్టి ఒక్క ఊర్లనే ఉండేటోళ్ల సంగతి ఆశా అక్కకు నోటికే ఎరుకుంటది.

పొరుగూరి_డాక్టర్ · బుధవారం, మధ్యాహ్నం 2:05

మీరు చెప్పింది నేను మూడు మీటింగుల్లో చెప్పలేకపోయిన మాట. నోట్ చేసుకుంటున్నాను.

వంశధార · బుధవారం, రాత్రి 10:48

ఇంకో సంగతి చెప్పి ఊరుకుంటా. ఇది చెప్పడం నాకే ఇబ్బంది.

రోజుకి ఇంతమందిని చూడాలని లెక్క ఉంటుంది. సాయంత్రం గ్రూపులో ఏ క్లినిక్ ఎంత చేసిందో రంగులతో పెడతారు. ఎరుపులో పేరు కనిపిస్తే ఫోన్ వస్తుంది. గర్భసంచి పరీక్ష సరిగ్గా చెయ్యాలంటే తెర కావాలి, బల్ల కావాలి, మంచి లైటు కావాలి, ఒక్కొక్కరికి పావుగంట కావాలి. చాలామంది సిగ్గుపడి వద్దంటారు. "చెయ్యలేదు" అని పెడితే ఎరుపు. "నార్మల్" అని పెడితే ఆకుపచ్చ. ఎవరు ఏం పెడతారో మీరే ఊహించుకోండి. నేను పెట్టలేదని ప్రమాణం చెయ్యను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నెల పెట్టాను. తర్వాత ఒకావిడకి రొమ్ములో గడ్డ ముదిరాక బయటపడింది, రికార్డు తీస్తే నేనే పెట్టిన "నార్మల్". ఆవిడ నన్నేమీ అనలేదు. చెయ్యి చూపించి "ఆ రోజు నువ్వు చూడలేదు కదమ్మా" అంది, అంతే.

అప్పట్నుంచి వద్దన్నవాళ్లకి వద్దన్నారనే పెడతా. ఎరుపులోనే ఉంటున్నా. మీరు రికార్డులు దేశమంతా కలపండి, చాలా మంచిది. కాకపోతే నా అబద్ధం మా ఊరి ట్యాబ్‌లో ఉంటే ఒక్క ఊరికే నష్టం. అన్నిటికీ కలిపితే హైదరాబాద్ డాక్టర్ కూడా దాన్ని నమ్ముతుంది.

గుడివాడ_లా · బుధవారం, రాత్రి 11:20

వంశధార గారూ, ఇన్ని పోస్టుల్లో వాదించడానికి నాకు మాట దొరకనిది ఇదొక్కటే.

కోడు_రాముడు · గురువారం, ఉదయం 7:50

"చెయ్యలేదు: ఇష్టపడలేదు", "చెయ్యలేదు: వసతి లేదు", "చూశాం, కనిపించలేదు". ఈ మూడు గడులు పెట్టి, అవి నింపినా ఆకుపచ్చే చూపిస్తే సగం అబద్ధాలు పోతాయి. రెండు రోజుల కోడింగ్ పని. ఒప్పించడానికి రెండేళ్లు.

తెనాలి_బుల్లోడు · ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ థ్యాంక్స్. వారం కిందటి ప్రశ్నకి అప్‌డేట్.

శుక్రవారం సెలవు పెట్టి ఊరెళ్లా. ముందు మల్లెమొగ్గ గారి మాట ప్రకారం నంబరు చూశా. అమ్మ ఆభాకి ఉన్నది నా పాత నంబరు, నేను మూడేళ్ల కిందట వదిలేసింది. ఇప్పుడు అది ఎవరి దగ్గరుందో! మార్చి అమ్మ ఫోన్ నంబరు పెట్టించా. ఓటీపీ అమ్మే చదివింది, ఒక్కొక్క అంకె కళ్లద్దాలు సర్దుకుంటూ. ఈలోపు టైం అయిపోయి రెండోసారి పంపించాల్సి వచ్చింది.

గుంటూరు ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులు ఆభాకి కట్టడం ఇంకా మొదలవలేదన్నారు. రికార్డు సెక్షన్‌లో ఉన్న పెద్దాయన మాత్రం మంచివాడు, పాత రిజిస్టరు తీసి బయాప్సీ నంబరు రాసిచ్చి డూప్లికేట్ ఇప్పించాడు. దాన్నీ హైదరాబాద్ రిపోర్టునీ యాప్‌లో నేనే ఎక్కించా. పీడీఎఫ్‌లే, రాముడు గారు తిట్టుకోవద్దు.

విలేజ్ క్లినిక్‌కి వెళ్లి సీహెచ్‌ఓ మేడమ్‌కి రెండూ చూపించాం. ఆవిడ పోర్టల్ తెరిచి ఫాలో అప్‌లో ఏదో నింపింది. సర్వర్ తిరిగి తిరిగి మూడోసారికి తీసుకుంది. "రిఫర్ చేశారు" పోయింది. అమ్మకి గర్భసంచి ఉందని, ఆపరేషన్ ఏదీ కాలేదని కూడా అడిగి రాసుకుంది, తలుపు దగ్గరికి వేసి.

ఆశా అక్క పక్కనే నిలబడి ఉంది. ఇదంతా అయ్యాక తన పచ్చ అట్ట పుస్తకం తీసి, అమ్మ పేరు పక్కన ప్రశ్న గుర్తు కొట్టేసి, తారీఖు వేసింది. ఇక రాదేమో అనుకున్నా. "వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ వస్తానమ్మా" అంది.

చుక్కల_చొక్కా · ఆదివారం, సాయంత్రం 5:41

బొటనవేలు లేకుండా స్కాన్ చేశావా లేదా, అది చెప్పు ముందు.